ఆరి పగిలిన చెక్క గిన్నెల తరిమెన పని

పచ్చి కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకే కొలతలో కుంచించుకుపోదు. తేమ సుమారు 30 శాతానికి దిగినప్పటి నుంచి కుదింపు మొదలవుతుంది. వలయాల వెంబడి కలిగే కుదింపు, దవ్వ నుంచి బెరడు వైపు కలిగే దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. దవ్వ దగ్గర పుట్టి బయటికి పాకే నెర్రెలకు కారణం ఈ తేడాయే. కోసిన కొనల నుంచి తేమ పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది కనుక తొలి బీటలు అక్కడ కనిపిస్తాయి. గిన్నెకు ఎంచిన ముక్కలో దవ్వ ఉండకూడదనేది ఆ దవ్వ నెర్రెల వల్లే.

గోదావరి తీరంలోని నాందేడ్ ప్రాంతంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వడగాలికి కర్ర పైపొర త్వరగా ఆరి బిగుసుకుంటుంది, లోపలి పచ్చి మాత్రం అలాగే ఉంటుంది. ఆ లాగుడుకు కర్ర విచ్చుకుంటుంది. జిల్లాలోని కిన్వట్ టేకు అడవులకు పేరు.   రాష్ట్ర ఎల్లకు ఇవతల నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు తేలికైన పొనికి కర్రనే వాడతారు. కృష్ణా తీరాన కొండపల్లివారు అదే జాతి కర్రను సన్నని సెగపై ఆర్చి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో బొమ్మ భాగాలను అతుకుతారు, సందులు పూడుస్తారు. బొమ్మ కదలక కూర్చుంటుంది కనుక దానికి మక్కు చాలు. తరిమెన మీద తిరిగే గిన్నె సంగతి వేరు.

తెలుగునాట తరిమెన పనికి పేరుపడ్డ ఊరు అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. మెత్తని, సన్నని పోగు గల అంకుడు కర్రను ఆరబెట్టి తిప్పుతారు. పాత చేతి తరిమెనలో ఒకరు తాడు లాగుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ అదిమితే, రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. పిడత చిన్నది, తిప్పే వేగం తక్కువ. పగిలిన ముక్క ఎగిరినా పెద్ద గాయం కాకపోవడానికి పనితనంతోపాటు ఈ రెండూ కారణాలే.

విద్యుత్ మోటారు వచ్చాక లెక్క మారింది. 30 సెంటీమీటర్ల వ్యాసం గల గిన్నె నిమిషానికి 1000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు సుమారు 56.5 కిలోమీటర్ల వేగంతో పోతుంది. చుట్లు రెట్టింపైతే కర్రను బయటికి లాగే బలం నాలుగింతలవుతుంది. అప్పటిదాకా అందానికి లోటు అనిపించిన నెర్రె ఇక ప్రాణాపాయమే.

పగులు రాకుండా చూసే పద్ధతుల్లో ముఖ్యమైనది రెండు విడతల కోత. పచ్చికర్రను ముందు మందంగా, వ్యాసంలో పదో వంతు గోడ మిగిలేలా తొలిచి, కొనలకు మైనం పూసి నీడలో నెలల తరబడి ఆరనిస్తారు. వంకర తిరిగిన దాన్ని మళ్లీ తరిమెనకెక్కించి గుండ్రం చేస్తారు. 20వ శతాబ్దం రెండో సగంలో అమెరికా శిల్పి ఎడ్ మౌల్‌త్రాప్ పెద్ద గిన్నెలను పాలిథిలీన్ గ్లైకాల్‌లో నానబెట్టి కుదింపును ఆపాడు. చిన్న నెర్రెలకు, 1958లో ఈస్ట్‌మన్ కోడక్ అమ్మకానికి తెచ్చిన సయనోఅక్రిలేట్ జిగురు తేలిక మార్గమైంది; కాఫీ పొడి, రంపపు పొట్టు దానితో కలిపి నింపడం నేడు మామూలే.

జిగురు కనపడని పగుళ్లను పట్టుకోదు, కాబట్టి పగిలిన గిన్నెను తిప్పేముందు తట్టి వినడం మంచిది. గట్టి కర్ర ఖంగుమంటే చీలినది డొక్కుగా పలుకుతుంది. అంచులో మొదలై కొద్దిదూరంలో ఆగిన నెర్రెను బాగుచేయవచ్చు. అడుగును దాటినది, అంచుకు సమాంతరంగా పోయినది, మరో పగులుతో కలిసినది పొయ్యికే పనికొస్తుంది. జిగురు పూర్తిగా బిగిశాక, వెనక కొన ఆధారం బిగించి, అతి తక్కువ వేగంతో మొదలుపెట్టాలి. ముఖమంతా కప్పే కవచం ధరించి, గిన్నె తిరిగే వరుసకు పక్కన నిలబడాలి. పదునైన ఉలితో పలుచగా కోస్తూ, తరచుగా యంత్రం ఆపి నెర్రె పొడుగు చూడాలి. అది ఒక వేలెడు పాకినా పని అక్కడితో ఆపేస్తారు. ఆరని జిగురు తిరిగేటప్పుడు కంట్లోకి చిమ్ముతుంది, దాని ఆవిరి కూడా కళ్లను మండిస్తుంది.

పూడ్చిన నెర్రెల్లో తడి నిలుస్తుంది గనుక ఇలాంటి గిన్నెలను పప్పు, పులుసులకు కాక ఎండు గింజలకు, పూలకు వాడతారు.