దావాల్లో దొరికిన తాతముత్తాతలు

అమెరికాలో వర్జీనియా రాష్ట్రానికి తూర్పు కొసన, చీసపీక్ అఖాతానికి అవతల, సముద్రంలోకి చొచ్చుకుపోయిన సన్నటి నేల మీద ఈస్ట్‌విల్ అనే చిన్న ఊరుంది. నార్తాంప్టన్ కౌంటీకి అదే కేంద్రం. 1632 నుంచి అక్కడి కోర్టు రాసుకుంటూ వచ్చిన పుస్తకాలు వరస తెగకుండా ఇప్పటికీ ఉన్నాయి. ఆ దేశంలో ఇంత పాత కోర్టు రికార్డు ఇలా ఏకధాటిగా మరెక్కడా మిగల్లేదంటారు. ఎవరి పశువు ఎవరి చేలో పడింది, ఎవరు ఎవరికి ఎన్ని పౌండ్ల పొగాకు బాకీ, ఎవరు ఎవరి మీద నోరు పారేసుకున్నారు... పుస్తకాల నిండా ఇదే గొడవ. వంశచరిత్ర రాసిపెట్టాలన్న ఆలోచన ఆ గుమస్తాలకు ఏ కోశానా లేదు. అయినా అమెరికాలో పూర్వీకుల జాడ తీసేవాళ్లు ఎక్కడెక్కడ తిరిగినా చివరికి తేలేది ఇలాంటి పుస్తకాల దగ్గరే.

కౌంటీని మన పాత తాలూకాతో పోల్చుకోవచ్చు. దాని కోర్టుకు మాత్రం అంతకన్నా పెద్ద చేయి ఉండేది. 1634లో వర్జీనియా వలస ప్రాంతాన్ని ఎనిమిది ముక్కలు చేశారు. తర్వాత నార్తాంప్టన్ అని పేరు మారిన ప్రాంతం వాటిలో ఒకటి; కోర్టు అక్కడ అప్పటికే నడుస్తోంది. క్రయపత్రం నమోదు చేయడం, వీలునామా ఖరారు చేయడం, తండ్రిలేని పిల్లలకు సంరక్షకుణ్ణి కుదర్చడం, పన్ను మాఫీ చేయడం, బాటలు బాగుచేయడానికి మనుషుల్ని పురమాయించడం అన్నీ ఆ కోర్టు పనులే. కాబట్టి ఏదో ఒక అవసరానికి దాని గుమ్మం తొక్కనివాడు అరుదు.

ఇంత తిరుగుడు ఎందుకు, జనాభా లెక్కలు చూసుకుంటే పోదా అంటే పోదు. అమెరికాలో తొలి జనగణన 1790లో జరిగింది. అప్పట్నుంచి 1840 దాకా ఇంటి యజమాని పేరొక్కటే రాశారు. మిగతా వాళ్లంతా అంకెలు. ఇంట్లో అందరి పేర్లూ రాసింది 1850 నుంచి, అదీ స్వేచ్ఛగా ఉన్నవాళ్లవి మాత్రమే. 1890 నాటి లెక్కలు చాలామటుకు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పోయాయి. పుట్టుక, చావు నమోదు దక్షిణాది రాష్ట్రాల్లో పక్కాగా మొదలైంది ఇరవయ్యో శతాబ్దంలోనే. ఈ ఖాళీలు పూరించగలిగినవి రెండే: భూమి, తగాదా.

ఈ సంగతి వంశశోధకులకు ఆలస్యంగా తలకెక్కింది. బోస్టన్‌లో వంశచరిత్రల కోసం సంఘం పెట్టుకున్నది 1845లోనే. కానీ ఆ శతాబ్దమంతా ఈ పని ఎక్కువగా గొప్ప కోసం సాగింది: ఇంగ్లండులో ఏ ప్రభువు కోటకో దారి వెతుక్కోవడం. డబ్బున్నచోట దళారి పుడతాడు. గుస్టావ్ ఆంజూ అనే స్వీడన్ మనిషి న్యూయార్క్ చేరి, ధనిక కుటుంబాలకు అడిగినంత ఎత్తున వంశవృక్షాలు తయారుచేసి అమ్మాడు. నాలుగు అసలు పత్రాల మధ్య ఒక లేని పత్రాన్ని ఇరికించడం అతని పద్ధతి. అతను పోయింది 1942లో. అతని కట్టుకథలు మాత్రం అచ్చు పుస్తకాల్లోంచి కొత్త పుస్తకాల్లోకి పాకుతూనే ఉన్నాయి. దీనికి విరుగుడు న్యూ హేవెన్‌కు చెందిన డొనాల్డ్ లైన్స్ జేకబస్ చూపించాడు. 1922లో ఆయన మొదలుపెట్టిన పత్రికే తర్వాత ‘ది అమెరికన్ జీనియాలజిస్ట్’ అయింది. కుటుంబంలో చెప్పుకునే మాటను క్రయపత్రంతోనూ వీలునామాతోనూ సరిచూడందే నమ్మకూడదన్నది ఆయన పట్టు. ఈ రంగం కాస్త మర్యాద సంపాదించుకుంది అప్పట్నుంచే అని నా అభిప్రాయం.

మన దగ్గర పొలం కొనేవాడు ముందు ఈసీ తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. అక్కడి వంశశోధకుడు చేసేదీ సరిగ్గా అదే పని. కాకపోతే అతని కన్ను పొలం మీద ఉండదు, అమ్మినవాడికి ఆ పొలం ఎలా వచ్చిందన్నదాని మీద ఉంటుంది. కొన్నట్టు పత్రం లేకుండా ఒకడు భూమి అమ్మాడంటే అది తండ్రి నుంచో మామ నుంచో సంక్రమించి ఉండాలి. పత్రం లేకపోవడమే అక్కడ ఆచూకీ. ఇక చెక్కుబందీ. వర్జీనియా, కరోలినా వంటి పాత ప్రాంతాల్లో హద్దులు వాగు నుంచి ఓక్ చెట్టుకు, అక్కణ్ణుంచి ఫలానావాడి గట్టుకు అని సాగుతాయి. దూరాలు పదహారున్నర అడుగుల ‘పోల్’ లెక్కన వేస్తారు. పోల్ అంటే గంటర్ అనే ఇంగ్లీషువాడు 1620లో తయారుచేసిన 66 అడుగుల గొలుసులో నాలుగో వంతు. మద్రాసు ప్రెసిడెన్సీ సర్వేయర్లు మన పొలాలకు లింకుల్లో కొలతలు వేసిందీ ఆ గొలుసు లెక్కనే. ఇరుగుపొరుగు పత్రాల్లోని హద్దులన్నీ కాగితం మీద గీసి ఒకదాని పక్కన ఒకటి అమర్చితే రెండు వందల ఏళ్ల కిందటి పల్లె లేచి నిలబడుతుంది. పిల్లలు పెళ్లాడింది ఎక్కువగా ఆ గట్ల అవతలివాళ్లనే.

స్త్రీల పేర్లు దొరికేదీ ఇక్కడే. భర్త ఆస్తిలో మూడో వంతు మీద భార్యకు జీవితకాలపు హక్కు ఉండేది కాబట్టి, భూమి అమ్మేటప్పుడు ఆమె ఒప్పుకోవాలి. భర్తను బయటికి పంపి, ఇష్టపూర్వకంగానే ఒప్పుకుంటున్నావా అని విడిగా అడిగి రాసుకునేవాళ్లు. ఆమె పేరు ఇంకెక్కడా కనపడకపోయినా ఆ రెండు పంక్తుల్లో దొరుకుతుంది. భూమి పత్రాలను గుడ్డిగా నమ్మడానికీ లేదు. 1618 నుంచి వర్జీనియాకు ఒక మనిషిని తెచ్చినందుకు 50 ఎకరాల చొప్పున పట్టా ఇచ్చేవాళ్లు. ఆ హక్కులను జనం చేతులు మార్చి అమ్ముకున్నారు. కాబట్టి పట్టాలో పేరున్నంత మాత్రాన ఆ మనిషి ఆ ఏడే ఓడ దిగాడని చెప్పలేం.

ఈ పుస్తకాలు ఎంత చెప్పగలవో చూడాలంటే నార్తాంప్టన్‌కే తిరిగి రావాలి. 1621లో ఆంటోనియో అనే ఆఫ్రికా మనిషిని వర్జీనియాకు తెచ్చారు. కొన్నేళ్లకు అతను స్వేచ్ఛ పొంది ఆంథొనీ జాన్సన్ అయ్యాడు. 1651లో అయిదుగురి పేరిట 250 ఎకరాలు పట్టా పొందాడు. 1653లో అతని ఇల్లు తగలబడితే, భార్యకూ ఇద్దరు కూతుళ్లకూ కోర్టు జీవితాంతం పన్ను మాఫీ చేసింది. ఆ వెంటనే మరో దావా. జాన్ కాసర్ అనే నల్లజాతి మనిషి, తన చాకిరీ గడువు ఎప్పుడో తీరినా జాన్సన్ వదలడం లేదన్నాడు. పొరుగున ఉన్న పార్కర్ సోదరులు కాసర్ పక్షం వహించారు. ఇంట్లోవాళ్ల ఒత్తిడికి జాన్సన్ మొదట వదిలేశాడు, తర్వాత మనసు మార్చుకుని కోర్టుకెక్కాడు. 1655 మార్చిలో కోర్టు కాసర్‌ను జీవితాంతపు బానిసగా తిరిగి జాన్సన్‌కే అప్పగించింది. పుస్తకంలో మాత్రం ఆ తేదీ 1654 అని ఉంటుంది. ఇంగ్లీషు సంవత్సరం అప్పట్లో మార్చి 25న మొదలయ్యేది. 1752కు ముందు తేదీలు చూసేవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. తర్వాత జాన్సన్ కుటుంబం మేరీలాండ్ వెళ్లిపోయింది. 1670లో అతను చనిపోయాక, నీగ్రో గనుక పరాయివాడంటూ వర్జీనియాలో అతని భూమి రాజుకు చెందుతుందని జ్యూరీ తేల్చింది. 1677లో మేరీలాండ్‌లో అతని మనవడు 44 ఎకరాలు కొని ‘అంగోలా’ అని పేరు పెట్టుకున్నాడు. పట్టా, అగ్నిప్రమాదం, దావా, జప్తు, ఒక పొలం పేరు: మూడు తరాల కథంతా ఇలా ఆస్తి లెక్కల్లోంచి వచ్చిందే.

ఈ పుస్తకాలు ఎవరిని శిక్షించడానికి రాశారో, వాళ్ల వారసులకే నేడు ఎక్కువ అక్కరకొస్తున్నాయి. తల్లి బానిసయితే బిడ్డా బానిసే అని 1662లో వర్జీనియా చట్టం చేసింది. నల్లజాతి మగవాడి వల్ల బిడ్డను కన్న తెల్ల స్త్రీకి 15 పౌండ్ల జరిమానా, కట్టలేకపోతే అయిదేళ్ల చాకిరీ అని 1691లో మరో చట్టం తెచ్చింది. బిడ్డను ముప్పయ్యేళ్లు వచ్చేదాకా చాకిరీకి కట్టేసేవారు. 1705లో దాన్ని ముప్పయ్యొకటి చేశారు. తల్లి తెల్లది గనుక ఆ తర్వాత బిడ్డ స్వేచ్ఛాజీవి. ఈ కేసులన్నీ కౌంటీ ఉత్తర్వుల పుస్తకాల్లోకి ఎక్కాయి. పాల్ హైనెగ్ అనే పరిశోధకుడు వర్జీనియా, ఉత్తర కరోలినా, మేరీలాండ్ కౌంటీల పుస్తకాలు జల్లెడ పట్టి వందల కుటుంబాలను పేరుపేరునా కూర్చాడు. వలస కాలంలో స్వేచ్ఛగా ఉన్న నల్లజాతి కుటుంబాల్లో ఎక్కువ భాగం తెల్ల పనిమనుషుల సంతానమని అందులో తేలింది. బానిసలను విడిచిపెట్టిన పెద్దమనుషుల ఔదార్యం వల్లే ఆ కుటుంబాలు పుట్టాయన్న మాటకు దాంతో బలం తగ్గింది.

బానిసలుగా ఉన్నవాళ్ల వారసుల దారి ఇంకా కష్టం. 1850, 1860 లెక్కల్లో వాళ్లను యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు చెప్పి సరిపెట్టారు. పేర్లు రాసింది 1870లో. దానికి వెనక వెళ్లాలంటే యజమాని వీలునామా, అతను పోయాక కోర్టు తీయించిన ఆస్తి జాబితా, వారసుల పంపకం పత్రం చదవాలి. జాబితాలో ఈకల పరుపు, ఇనప బానలు, పందులు, గుర్రం. అదే వరసలో, అదే కాలమ్‌లో మనుషుల పేర్లు, ఎదురుగా డాలర్లు. తల్లి ఒక వాటాకు, కొడుకు ఇంకో వాటాకు పోయిన సంగతి పంపకం పత్రంలో ఉంటుంది. 1976లో అలెక్స్ హేలీ తన వంశకథగా రాసిన ‘రూట్స్’ వచ్చాక వేలమంది ఈ పత్రాల వెంట పడ్డారు. ఆ పుస్తకానికీ అదే పరీక్ష తప్పలేదు. తన పూర్వీకుడు కుంటా కింటే 1767లో ఓడ దిగి టోబీ అయ్యాడని హేలీ రాస్తే, అంతకుముందే టోబీ వర్జీనియాలో ఉన్నాడని పరిశోధకులైన మిల్స్ దంపతులు 1980లలో రికార్డులతో చూపించారు. ‘రూట్స్’ కథగా నిలిచింది, వంశవృక్షంగా నిలవలేదు.

ఈ పుస్తకాలు అన్నిచోట్లా మిగల్లేదు. అంతర్యుద్ధంలో పదిలంగా ఉంటాయని వర్జీనియాలో చాలా కౌంటీలు వాటిని రాజధాని రిచ్‌మండ్ పంపాయి. 1865 ఏప్రిల్‌లో నగరంతోపాటు అవీ కాలిపోయాయి. పంపకుండా ఊళ్లోనే అట్టేపెట్టుకున్నవి చాలాచోట్ల బతికాయి. కాలిన కౌంటీలకు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర 1782 నుంచి ఉన్న పన్ను జాబితాలే దిక్కు.

మిగిలినవాటిని కాపాడటంలో యూటా రాష్ట్రపు మోర్మన్ల పాత్ర పెద్దది. చనిపోయిన పూర్వీకుల పేరిట సంస్కారాలు జరపడం వాళ్ల మతాచారం, దానికి పేర్లు కావాలి. 1938 నుంచి మైక్రోఫిల్ములు తీసి సాల్ట్ లేక్ సిటీ దగ్గర గ్రానైట్ కొండను తొలిచి భద్రపరిచారు. దాదాపు 24 లక్షల చుట్టల డిజిటల్ ప్రతులు 2021కి పూర్తయ్యాయి. 2024లో చేతిరాతను యంత్రమే చదివే వెతుకులాట వచ్చింది. అంతకుముందు కౌంటీ సూచికలో అమ్మినవాడూ కొన్నవాడూ మాత్రమే ఉండేవారు. ఇప్పుడు సాక్షి, హద్దులోని పొరుగువాడు, పేజీ మధ్యలో వెలకట్టిన బానిస కూడా దొరుకుతున్నారు. ఒంటి పేరుతో వెతికితే మాత్రం పేజీల వరద వచ్చిపడుతుంది. యజమాని ఇంటిపేరు, కౌంటీ, దశాబ్దం జోడించాలి. యజమాని ఎవరో తెలియకపోతే 1870 లెక్కల్లో ఆ కుటుంబం ఉన్న పేజీ తీసి, అటూ ఇటూ ఉన్న తెల్ల భూస్వాముల పేర్లు ఒక్కొక్కటీ రాసుకుని మొదలుపెట్టాలి.