కాన్వెంటు అనే మాట: సిస్టరమ్మల చదువులూ, మాలమాదిగ ఆడపిల్లలూ

పెనుకొండలో గానీ హిందూపురంలో గానీ బస్సు దిగి కాన్వెంటు యాడుందని అడిగి చూడండి. "ఏ కాన్వెంటు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. పిల్లల మెడలో టై, వాకిట్లో వ్యాను, గోడ మీద ఇంగ్లీషు మీడియం అనే అక్షరాలు ఉంటే చాలు, మా పక్క అది కాన్వెంటే. యజమాని ఏ మతమైనా కావచ్చు. లోపల సరస్వతి పటం ఉన్నా బోర్డు మీద మాత్రం 'సెయింట్' అని ఉంటుంది. అసలు కాన్వెంటంటే కన్యస్త్రీలు కలిసి బతికే మఠమనీ, బడి దాని పక్కన పుట్టిందనీ నాకు యూనివర్సిటీకి వచ్చేదాకా తెలియదు. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ 2019లో కార్లు వదలడం మొదలుపెట్టాక ఆ మాటకు గిరాకీ ఇంకా పెరిగింది. భూమి అమ్మినవాడూ, ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ అమ్ముకునేవాడూ ఇద్దరూ బిడ్డను కాన్వెంటుకే పంపాలనుకుంటున్నారు.

ఒక మాట అర్థం ఇట్లా మారిపోయిందంటే దాని వెనక చరిత్ర ఉంటుంది. సిస్టరమ్మలు చేసిన పనిలో ఒక సగాన్ని, అంటే పట్నంలోని ఇంగ్లీషు బడిని, మన సమాజం గుర్తు పెట్టుకుంది. అనుకరించింది, వ్యాపారం చేసుకుంది. రెండో సగం పేటల్లో తెలుగు బడి, బోర్డింగు, టీచరు ట్రైనింగు. అది ఎవరి నోటా లేదు. ఎందుకంటే ఆ సగంలో చదువుకున్నది మన ఆడవాళ్ళు. ఈ వ్యాసంలో నేను వెతుకుతున్నది ఆ రెండో సగాన్ని.

స్త్రీవిద్య అనగానే మన తెలుగు పుస్తకాలు కందుకూరి వీరేశలింగంతో మొదలుపెడతాయి. ఆయన ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. దానికి పదకొండేళ్ళ ముందు, 1863లో, తాటిపత్రి జ్ఞానమ్మ అనే తెలుగు విధవరాలు కీళచ్చేరిలో ఆడపిల్లలకు బడి తెరిచింది. ఇప్పుడది తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలో ఉన్న ఊరు. ఆమె పుట్టింది 1822లో గుంటూరు దగ్గర ఫిరంగిపురంలో. ఐదుగురు కొడుకుల తల్లి. ఆమె చుట్టూ చేరిన ఆడవాళ్ళతోనే పునీత అన్నమ్మ పేరు మీద నడిచే సభలు ఎదిగాయి. కీళచ్చేరి వైపు ఒకటి, ఫిరంగిపురం వైపు ఒకటి. ఆమె 1874 డిసెంబరు 21న చనిపోయింది, అంటే ధవళేశ్వరం బడి పుట్టిన ఏడే. 2014లో కథోలిక సంఘం ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. కానీ స్త్రీవిద్య చరిత్ర రాసే మన పండితులకు మాత్రం ఆమె కనిపించదు. క్రైస్తవురాలు కావడం ఒక కారణం. సంస్కర్తల చేత 'ఉద్ధరింపబడిన' విధవగా కాకుండా తానే బడి పెట్టిన విధవగా నిలబడటం ఇంకో కారణమని నా అనుమానం.

సరే, జ్ఞానమ్మను చరిత్రలోకి తెచ్చుకుందాం. తెచ్చుకున్నాక మనం ఆగి అడగాల్సింది ఒకటుంది. ఆమె పుట్టిన క్రైస్తవ సమాజం ఏది?

ఇక్కడే మా ఉమ్మడి అనంతపురం జిల్లా వస్తుంది. పెనుకొండ అంటే చరిత్ర పుస్తకాలు కోట గురించి, రాయల గురించి చెప్తాయి. అంతకంటే మనకు అవసరమైన కథ వేరే ఉంది. 18వ శతాబ్దం మొదట్లో పాండిచ్చేరి నుంచి ఫ్రెంచి జెస్విట్లు పుంగనూరు మీదుగా మా పక్కకు వచ్చారు. వాళ్ళు కావి కట్టి, మాంసం మాని, బ్రాహ్మణ సన్యాసుల్లా తిరిగారు. పెద్ద కులాలు నమ్మాలంటే అట్లా ఉండాలనుకున్నారు. రెడ్లు, కమ్మలు కొందరు బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత యుద్ధాలు, కరువులు. ఆ కుటుంబాలు కొన్ని గుంటూరు వైపు, కొన్ని మద్రాసు వైపు కదిలిపోయాయి. ఫిరంగిపురం, కీళచ్చేరి లాంటి ఊళ్ళ తెలుగు కథోలికుల మూలాలు ఈ వలసల్లో ఉన్నాయి. మూటాముల్లెతో పాటు వాళ్ళు కులాన్ని కూడా మోసుకుపోయారు. ఆ రోజుల్లో పరయవాళ్ళ ఇంట్లో రోగి చావుబతుకుల్లో ఉన్నా గురువు గడప దాటి లోపలికి పోవాలా వద్దా అనే తగాదా రోము దాకా పోయింది. 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్టు ఆజ్ఞ వచ్చింది. అందులో దొరికిన పరిష్కారం ఏమిటంటే అంటరానివాళ్ళకు వేరే గురువుల్ని పెట్టడం! ఊరికి దూరంగా పేట ఉన్నట్టు, మోక్షానికి కూడా వేరే దారి.

జ్ఞానమ్మను తక్కువ చేయడానికి నేనీ మాట చెప్పడం లేదు. వంద, నూటయాభై ఏళ్ళ పాటు ఇట్లా కట్టిన గోడ ఉన్న సమాజంలో బడి తెరవడమంటే ఆ గోడకు ఈ పక్కన తెరవడమే అవుతుంది. ఆవలి పక్క పిల్లలు లోపలికి రావడానికి బడి ఒక్కటే చాలదు.

తర్వాత యూరోపు నుంచి సిస్టర్లు వచ్చారు. సికింద్రాబాదులో సెయింట్ ఆన్స్ బడి 1871 నాటిది. అది కంటోన్మెంటు ఊరు కాబట్టి ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాల అవసరం అక్కడ ముందుంది. 1904లో హాలెండు నుంచి జీసస్ మేరీ జోసెఫ్ సభవాళ్ళు గుంటూరులో దిగారు. ఆమ్‌స్టర్‌డాంలో 1822లో పుట్టిన సభ అది. మనవాళ్ళు జె.ఎమ్.జె. అంటారు. 1920లో ఆస్ట్రేలియా నుంచి మేరీ గ్లోరీ అనే డాక్టరు అదే సభలో చేరడానికి గుంటూరు వచ్చింది. మన ఆడవాళ్ళకు మంత్రసాని పని, నర్సు పని, మందులు కలిపే పని నేర్పింది. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘం మొదలుపెట్టింది ఆమే. ఆసుపత్రి కూడా ఒక బడేనని ఆమెకు తెలిసినంతగా మన విద్యా చరిత్రకారులకు తెలియదు. ఇక 1946లో గుంటూరులో సెయింట్ జోసెఫ్ టీచరు ట్రైనింగు కాలేజి, 1962లో బెజవాడలో ఫ్రాన్సిస్కన్ సిస్టర్ల మారిస్ స్టెల్లా కాలేజి. పేర్ల జాబితా ఇంతటితో ఆపుతాను. జూబిలీ సంచికల్లో అదంతా ఉంటుంది. ఉండనిది వేరే.

మఠం లోపల కూడా పనుల విభజన ఉండేది. యూరోపు మఠాల్లో చాలాచోట్ల సిస్టర్లు రెండు తరగతులు. చదువుకుని, కట్నం తెచ్చి చేరినవాళ్ళు ప్రార్థన గానం చేస్తారు, పాఠం చెప్తారు. కట్నం తేలేని పేదింటి పిల్లలు వంట, బట్టలుతుకు, తోటపని చేస్తారు. అవును, కట్నమే. క్రీస్తును పెళ్ళాడటానికి కూడా కట్నం అడిగిన రోజులున్నాయి. 1965లో రెండో వాటికన్ మహాసభ ఈ రెండు తరగతుల్నీ ఒకటి చేయమని చెప్పింది. మన దేశంలో ఇట్లాంటి విభజన ఎక్కడికి వచ్చినా దానికి తయారుగా ఒక పేరు ఉంటుంది. పెళ్ళలో పనిచేసే చెయ్యీ, బల్ల మీద పుస్తకం తిప్పే చెయ్యీ వేరు కావడానికి మనకు రోము నుంచి నియమం రానక్కరలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. సేవ, త్యాగం అనే మాటల కింద ఈ లెక్క కనపడకుండా పోతుంది. 1854 వుడ్ నివేదిక తర్వాత మద్రాసు ప్రభుత్వం ప్రైవేటు బళ్ళకు గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. గ్రాంటు కావాలంటే హాజరు పట్టీ ఉండాలి, ఇన్‌స్పెక్టరు రావాలి, ట్రైనింగు పొందిన టీచరు ఉండాలి. 1893లో పంచముల చదువు కోసం ప్రత్యేకంగా జి.ఓ. వచ్చింది. పేటలో బడి నడిపితే సర్కారు కొంత ఇస్తుంది. ట్రైనింగు పొందిన ఆడమనిషి ఉంటే బడి నిలబడుతుంది. సిస్టరమ్మ తన పేరున వచ్చిన జీతం తాను ముట్టదు, అది మఠం ఉమ్మడి సంచిలోకి పోతుంది. ఆ సంచి నుంచే ఇంకో బడి, ఇంకో బోర్డింగు. పేదరిక వ్రతం ఆమెకు ప్రార్థన, బడికి పెట్టుబడి. దీని న్యాయపరమైన కొస ఈ మధ్యనే తేలింది. వ్రతం తీసుకున్నవాళ్ళు సంఘం చట్టం ప్రకారం 'పౌర మరణం' పొందినవాళ్ళు కాబట్టి ఎయిడెడ్ బడి జీతంలో పన్ను కోయకూడదని తమిళనాడు, కేరళ సభలు వాదించాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు.

ఆ సిస్టరు పక్క గదిలోనే ఇంకో టీచరమ్మ ఉంటుంది. పెళ్ళయినామె, మాలపేట నుంచో మాదిగపేట నుంచో వచ్చినామె. ఆమె పౌర మరణం పొందలేదు. ఆమె జీతం మీద ఇంట్లో ఆరేడుగురు బతుకుతారు. సిస్టర్ల త్యాగం గురించి రాసేటప్పుడు ఆ టీచరమ్మ గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు. అట్లాగే ఉపదేశి. పేటలో గుడీ బడీ ఒకే పాక. ఆదివారం పూజ, మిగతా రోజులు అఆలు. విచారణ గురువు నెలకో మూడు నెలలకో గుర్రం మీద వస్తాడు. రోజూ ఉండేది ఉపదేశి, చాలాచోట్ల మనవాడే. ఆయన భార్య ఆడపిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది. జీతం ఆయనకు, పని ఇద్దరిదీ. సిస్టరమ్మలు పేటకు రాకముందే నేల దున్ని పెట్టింది ఈ ఆడవాళ్ళు.

మా జిల్లాలో ఈ కథ ఆలస్యంగా జరిగింది. అనంతపురం, గుత్తి పక్క ముందు లండన్ మిషన్ వాళ్ళదే నడిచింది. కర్నూలు, అనంతపురం జిల్లాలు కలిపి కర్నూలు మేత్రాసనం ఏర్పడింది 1967లో. అంతకుముందు నెల్లూరు కింద ఉండేవి. 1969లో ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చాడు, మరుసటి ఏడు జెస్విట్ సభ వదిలాడు. ఆయన సంస్థ చదువును పేటల్లోకే తెచ్చింది. సిస్టరమ్మల దారి వేరు. వాళ్ళు పిల్లను పేట నుంచి తీసి బోర్డింగులో పెట్టారు. ఏది మేలని వాదించేవాళ్ళున్నారు. మా అమ్మ అట్లా పోయిన పిల్ల కాబట్టి నేను తటస్థంగా లేను.

మా అమ్మకు ఎనిమిదేళ్ళప్పుడు మా తాత చెనిక్కాయ చేలో పని మానిపించి పంపినాడు. ఏడో తరగతి దాకా చదివింది. బోర్డింగు గురించి అడిగితే ఆమె ముందు పుస్తకాలు చెప్పేది కాదు. "మూడు పూట్లా సంగటి. తలకు నూనె. పండుకోను చాప, నాదే" అనేది. 'నాదే' అన్న చోట గొంతు మారేది. దెబ్బలూ ఉన్నాయి. తెలుగులో తిట్టడం సరిగా రాని సిస్టరమ్మ బెత్తంతో మాట్లాడేదట. పట్నం పిల్లలు చదివే ఇంగ్లీషు సెక్షను గోడకు అటుపక్క ఉండేది. వాళ్ళ ఆటస్థలం ఊడ్చే వంతు బోర్డింగు పిల్లలది. ఆ గోడ సంగతి చెప్పేటప్పుడు కూడా అమ్మ సిస్టరమ్మల్ని ఒక్క మాట అననిచ్చేది కాదు. "నువ్వు రాస్తాండావు గదా, ఆ అచ్చరం యాడిది?" అని నన్నే అడిగేది. 1991 జనాభా లెక్కల్లో మన రాష్ట్రంలో చదువొచ్చిన ఆడవాళ్ళు నూటికి 32.7, షెడ్యూల్డు కులాల ఆడవాళ్ళలో 20.9. మా అమ్మ ఆ ఇరవైలో ఉంది.

మా మేత్రాసనానికి 2008లో మేత్రాణులైన పూల ఆంథోనీ గారు 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి, 2022లో కార్డినలు అయ్యారు. దళితుల నుంచి మొదటి కార్డినలు ఆయనే. మా పక్క పేటల్లో ఆ రోజు సంబరం నేను చూశాను, నాకూ సంతోషమే. 2016లో భారత కథోలిక మేత్రాణుల సమాఖ్య దళిత సాధికారత విధానం ప్రకటిస్తూ సంఘం లోపల వివక్ష ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఒప్పుకోవడం మంచిదే. ఇక సభలు తమ రికార్డు గదులు తెరవాలి. ఏ ఏడు ఏ పేట పిల్లల్ని వ్రతానికి తీసుకున్నారు, ఎవరిని ట్రైనింగుకు పంపారు, ఎవరిని వంటింట్లో పెట్టారు? సిస్టరు వ్రతం తీసుకునేటప్పుడు చాలాచోట్ల పుట్టినప్పటి పేరు వదిలి పునీతుల పేరు తీసుకునేది. పేరుతో పాటు ఊరూ, పేటా పోయాయి. అట్లా పోయినవాళ్ళలో మనవాళ్ళెవరో చెప్పే కాగితం మఠంలోనే ఉంటుంది.

అయితే రికార్డు తెరవమని అడిగేవాళ్ళం మనమూ ఒకటి గుర్తుంచుకోవాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం అనేది మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితుల్ని బి.సి.-సి లో వేసి ఒక్క శాతం ఇచ్చారు. అందుకే మన ఇళ్ళలో గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. బడి రిజిస్టరు మనకు చరిత్ర ఆధారం మాత్రమే కాదు, ఇంకొకడి చేతిలో పడితే మన పిల్లల ఉద్యోగం తీసేసే కాగితం కూడా. పరిశోధకులు రిజిస్టర్లు ఫోటోలు తీసి పేర్లతో సహా అచ్చువేయడం నేను ఒప్పుకోను. నా థీసిస్‌లో ఆ పేజీలు లేవు.

ఒక్క పేజీ గురించి మాత్రం చెప్తాను. మా అమ్మ చనిపోయి నాలుగేళ్ళయింది, ఇక ఆమెను ఎవరూ ఏమీ చేయలేరు. ఆమె టీసీలో మతం గడిలో 'హిందూ', కులం గడిలో 'మాదిగ' అని నీలం సిరాతో ఉంది. గుండ్రంగా, కొంచెం వెనక్కి వాలినట్టుండే అక్షరాలు, తెలుగు పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళ అక్షరాలు. ఆ ఏడే క్రిస్మసుకు బహుమతిగా ఇచ్చిన జపమాల పుస్తకం మొదటి పేజీలో అదే సిరాతో, అదే చేత్తో మా అమ్మ రెండో పేరు రాసి ఉంది. రెండూ మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.