సీసం నిలిచింది, రాయి తరిగింది

లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథడ్రల్ పైన రాతి పిట్టగోడ ఉంది. అది 1718 నాటిది. దాని రాళ్లను పైకెత్తడానికి తొలిచిన రంధ్రాల్లో సీసం నింపి, రాతి మట్టానికి సమం చేశారు. 1980 ప్రాంతంలో కొలిస్తే ఆ సీసపు బిరడాలు రాతి కంటే ఎత్తుగా ఉన్నాయి. తేడా సగటున రెండు సెంటీమీటర్ల దాకా ఉంది. సీసం పెరగదు కాబట్టి తరిగింది రాయే. భవిష్యత్తులో కొలతకు పనికొస్తుందని ఆ సీసం పోసినట్టు ఆధారమేమీ లేదు.

262 ఏళ్లకు పంచితే ఏడాదికి సుమారు 0.08 మిల్లీమీటరు. అది దేని పని?

మొదట అనుమానం నల్లటి మరకల మీదికి పోతుంది. అది తప్పుదారి. ఈ పిట్టగోడ రాయి పోర్ట్‌లాండ్ సున్నపురాయి. మన తాండూరు నాపరాయి కూడా సున్నపురాయే. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి ఆమ్లమై, రాతిపై పొరను జిప్సంగా మారుస్తుంది. జిప్సం నీటిలో సున్నపురాయి కంటే చాలా సులువుగా కరుగుతుంది. వాన తగలని చోట ఆ జిప్సం మసిని పట్టుకొని నల్లటి పెచ్చుగా మిగులుతుంది. వాన నేరుగా పడేచోట కొట్టుకుపోతుంది, రాయి తెల్లగా కనబడుతుంది. అంటే శుభ్రంగా ఉన్న చోటే ఎక్కువ పోతోంది. పిట్టగోడ పైభాగం వానకు పూర్తిగా తెరిచి ఉంది.

రెండో అనుమానం నదికి ఆవలి ఒడ్డున, సరిగ్గా కెథడ్రల్‌కు ఎదురుగా ఉన్న విద్యుత్ కేంద్రం మీద. చమురు మండించిన ఆ కేంద్రం 1981లో మూతపడింది. కథ చక్కగా అతుకుతుంది. తేదీలే అతకవు. అది కరెంటు ఇవ్వడం మొదలైంది 1952లో. మూడు దశాబ్దాలు కూడా నడవని చిమ్నీకి 262 ఏళ్ల నష్టాన్ని అంటగట్టలేం. పైగా లండన్ బొగ్గు పొగ రాళ్లనూ ఇనుమునూ తినేస్తోందన్న ఫిర్యాదు 1661లోనే అచ్చయింది. అప్పటికి ఈ కెథడ్రల్ లేదు. ఇదే చోట ఉన్న పాతది 1666 అగ్నిప్రమాదంలో పోయింది. కొత్తదాని పని 1675లో మొదలైంది.

మూడోది మామూలు వాన. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల స్వచ్ఛమైన వాన కూడా కొద్దిగా పుల్లనే, సున్నపురాయిని అది కూడా కరిగిస్తుంది. దీన్ని తోసిపుచ్చడానికి మరో సాక్ష్యం కావాలి. అది దొరికింది.

1980లో పిట్టగోడ రాతిలో లోహపు గుబ్బలు బిగించారు. మూడు కాళ్ల పరికరాన్ని వాటిపై ఆనించి, సూదితో రాతి మట్టం కొలిచి, ఏళ్ల తర్వాత అదే బిందువు దగ్గర మళ్లీ కొలిచారు. 1980 నుంచి 1990 వరకు తరుగుదల ఏడాదికి సుమారు 0.045 మిల్లీమీటరు. తర్వాతి పదేళ్లలో 0.025కు పడిపోయింది. ఆ కాలంలో లండన్‌లో వాన సగం కాలేదు. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ మాత్రం బాగా తగ్గింది. వాన పాత్ర పోలేదు, కానీ మార్పును అది వివరించదు.

ఈ అంకెల్లో మరో విషయం దాగి ఉంది. 0.045 రేటే మొదటినుంచీ ఉండి ఉంటే 262 ఏళ్లకు 12 మిల్లీమీటర్లే పోవాలి. పోయింది 20. రెండు కొలతల పద్ధతులు వేరు కాబట్టి ఈ తీసివేతను గట్టి లెక్కగా చెప్పను. కానీ 1980కి ముందు ఏదో ఒక కాలంలో రాయి ఈ రేటు కంటే వేగంగా కరిగి ఉండాలి. ఇంటింటా బొగ్గు పొయ్యిలున్న కాలమంతా అందులోనే ఉంది. 1952 డిసెంబరు పొగమంచు వేల ప్రాణాలు తీశాకే, 1956లో పొగను అదుపు చేసే చట్టం వచ్చింది.

1981 తర్వాతి తగ్గుదలలో మూతపడ్డ ఆ కేంద్రం వాటా ఎంత, నగరమంతా ఇంధనం మార్చుకోవడం వాటా ఎంత అన్నది పిట్టగోడ విడదీసి చెప్పదు. ఆ గుబ్బలు కొలిచేది రాయి మట్టాన్నే, ఏ చిమ్నీ పొగ తాకిందో కాదు.