మేఘం మోయని కబురు

వినుకొండలో పొద్దు వాలింది. కొండరాళ్లు పగలంతా తాగిన ఎండని ఇప్పుడు కక్కుతున్నాయి. ఆకు కదలడం లేదు. అయినా సభ కిటకిటలాడుతోంది. కొప్పరపు సోదర కవులొచ్చారు మరి! వాళ్ల అవధానమంటే పక్క ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చే రోజులవి. పృచ్ఛకుడు సమస్య ఇవ్వడమే ఆలస్యం, పద్యం దూకుతోంది. జనం తలలూపుతున్నారు. దీపాల చుట్టూ పురుగులు ముసురుతున్నాయి. అప్పుడు లేచాడు ఒక కుర్రాడు.

చేతిలో కాగితం. చెమటకి దాని అంచు మెత్తబడింది. అందులో ఉన్నవి సొంత పద్యాలు. గొంతు సవరించుకున్నాడు. ఎత్తుకున్నాడు. ధార బాగుంది. గొంతు ఇంకా బాగుంది. యతి తడబడలేదు, ప్రాస తప్పలేదు. కానీ ముందు వరసలో ఎవరో పక్కవాడి చెవి కొరికారు. ఆ మాట వరస వెంట వరస వెనక్కి పాకింది. తలలూపడం ఆగిపోయింది. తలలు తిరగడం మొదలైంది.

“ఇతన్ని లోపలికి ఎవరు రానిచ్చారు?”

పద్యంలో తప్పు పట్టినవాడు లేడు. పుట్టుకలో పట్టారు. ఇంతసేపూ పద్యం విన్న చెవులే ఇప్పుడు కులం అడుగుతున్నాయి. ఆ కుర్రాడి పేరు గుర్రం జాషువా. ఆ సాయంత్రం దెబ్బ తిన్నాడు. అక్కడితో కాగితం చింపేసి వెళ్లిపోయి ఉంటే ఈ కథే లేదు.

* * *

1895 సెప్టెంబరు 28. జాషువా పుట్టింది ఆ వినుకొండలోనే. తండ్రి వీరయ్య యాదవుడు. తల్లి లింగమ్మ మాదిగ. ఇంట్లో మతం క్రైస్తవం. ఒకే కప్పు కింద ఇన్ని గీతలు దాటిన కుటుంబాన్ని ఆ రోజుల్లో ఏ వాడ మాత్రం మనస్ఫూర్తిగా రమ్మంటుంది? పిల్లవాడికి ఊహ తెలిసేసరికి ఆ సంగతీ తెలిసిపోయింది. ఇంకా తెలియాల్సింది ఏమైనా ఉంటే బడి చెప్పింది.

బడిలో కులం పేరుతోనే వెక్కిరింపు. తోటిపిల్లలు అన్నారు. పాఠం చెప్పేవాళ్లూ అన్నారు. పిల్లవాడు తల దించుకుని ఏడుస్తాడనుకున్నారు. ఏడవలేదు. పలక పక్కన పెట్టి కలబడ్డాడు. కులం పెట్టి పిలిచినవాణ్ణి పట్టుకుని బాదాడు. తల్లిదండ్రుల దగ్గరికి ఫిర్యాదులు పోయే పిల్లవాడే, అదే చేత్తో బొమ్మలు గీశాడు. పాటలు పాడాడు. పిడికిలితో వెక్కిరించినవాడి నోరు ఒక పూట మూయించవచ్చు. మర్నాడు మళ్లీ తెరుచుకుంటుంది. ఏళ్ల తరబడి మూయించే ఆయుధం ఇంకోటి ఉందని చూపించినవాడు, చిత్రంగా, అగ్రహారం వైపు నుంచి వచ్చాడు.

అతని పేరు దీపాల పిచ్చయ్యశాస్త్రి. చిన్ననాటి స్నేహితుడు. తర్వాతి కాలంలో తనూ పేరున్న కవి. ఇద్దరూ కలిస్తే పద్యమే మాట. ఒకడు ఎత్తుకుంటే ఇంకొకడు అందుకునేవాడు. ఊరు గీసిన గీతకి అటొకడు, ఇటొకడు నిలబడాల్సినవాళ్లు. పద్యం మధ్యలో కూర్చుని ఇద్దర్నీ ఒక్క చోటికి లాగింది. తెలుగు పద్యం సరే, మరి సంస్కృతం ఎవరు చెబుతారు? ఈ కుర్రాడికి కాళిదాసుని చెప్పే ధైర్యం ఎవరికుంది?

జూపూడి హనుమచ్ఛాస్త్రికి ఉంది.

* * *

రఘువంశం. కుమారసంభవం. మేఘసందేశం. మూడూ ఆయన దగ్గరే చదివాడు జాషువా. శ్లోకం వల్లె వేయాలి. పదం విరవాలి. అన్వయం కుదరాలి. కుదరకపోతే మళ్లీ మొదటికి. ఒక్కో శ్లోకం దగ్గర గంటలు కరిగిపోయే చదువది. అందులో మేఘసందేశం కథ చిన్నదే. పనిలో ఏమరపాటుకి యజమాని కుబేరుడు శపిస్తే, ఒక యక్షుడు ఏడాదిపాటు ఇల్లూ ఇల్లాలూ విడిచి రామగిరి మీద పడి ఉన్నాడు. ఆషాఢం వచ్చింది. కొండకొమ్మున నల్లమబ్బు ఆగింది. యక్షుడు దానికి చేతులు జోడించాడు.

ఆ మబ్బుకి దారి చెప్పడమే సగం కావ్యం. విదిశ మీదుగా పో, కాస్త చుట్టయినా సరే ఉజ్జయిని మేడలు చూసి పో, మహాకాళుడి గుళ్లో సంధ్యాపూజ వేళకి ఆగి ఒక్క ఉరుము ఉరిమి పో, నదులు ఎదురైతే నీళ్లు తాగి బరువెక్కు, కొండలు ఎదురైతే కురిసి తేలికపడు, అలా హిమాలయం ఎక్కి అలకాపురి చేరి నా ఇంటి వాకిట నా భార్యకి ఈ మాట చెప్పు అంటూ, ఎక్కడా ఊపిరి తిప్పుకోకుండా పోయే వేడుకోలు అది. ఒకచోట కట్టుబడిపోయినవాడు, తను వెళ్లలేని చోటికి, ఎవడూ ఆపలేని దూతని పంపుతున్నాడు. కావ్యం కీలకం అంతా అక్కడే ఉంది. శిష్యుడు ఆ కీలకం పట్టేశాడు. అయితే అది బయటపడటానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా బతకాలి.

* * *

1910లో పెళ్లయింది. ఆమె పేరు మేరీ. మిషనరీ బడిలో ఉద్యోగం, నెలకి మూడు రూపాయల జీతం. ఇల్లు గడిచీ గడవని మూడు రూపాయలు. అవీ నిలవలేదు. ఉద్యోగం ఊడింది. జాషువా మూట సర్దుకుని రాజమండ్రి వెళ్లాడు. కాళిదాసుని చదివిన కుర్రాడికి అక్కడ దొరికిన పని ఏమిటో తెలుసా?

సినిమా మాట్లాడటం!

1915, 16 సంవత్సరాలు. తెర మీద బొమ్మ కదులుతుంది కానీ నోరు విప్పదు. చీకట్లో జనం. చుట్టల పొగ. కిర్రుమంటూ తిరిగే యంత్రం. ఆ బొమ్మలకి గొంతివ్వడానికి ఒక మనిషి కావాలి. రాజు కోపగించుకుంటే గర్జించాలి, రాణి ఏడిస్తే గొంతు వణకాలి, కథ తెలియనివాడికి కథ చెప్పాలి, బొమ్మ పరుగెడితే మాటా పరుగెత్తాలి. జాషువా గొంతు లేచింది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు. కళ్లు తుడుచుకోవాల్సిన చోట తుడుచుకున్నారు. ఆ చీకట్లో ఎవరూ ఎవరి కులమూ అడగలేదు. వినుకొండ సభలో ఆగిన గొంతు ఇక్కడ ఆట ముగిసేదాకా ఆగలేదు. కానీ దీపాలు వెలిగితే? వెలుగులో నిలబడి తన మాట తను చెప్పుకోవాలంటే?

దానికి గుంటూరు రావాలి. లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు పాఠం చెప్పాడు. 1928 నుంచి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. బడిలో కులం పేరుతో పిలిపించుకున్నవాడు ఇప్పుడు బడిలో ‘మాస్టారు’ అనిపించుకుంటున్నాడు. 1932లో ‘ఫిరదౌసి’ వచ్చింది. గజనీ మహమ్మదు పద్యానికో బంగారు నాణెం ఇస్తానని చెప్పి, మహాకావ్యం చేతికందాక వెండితో సరిపెట్టాడన్న పారశీక కవి కథ అది. మాట తప్పిన రాజు ముందు కవి ఎలా నిలబడతాడో తెలుగువాళ్లు జాషువా గొంతులో విన్నారు. పేరు మోగిపోయింది.

పేరు మోగినంత మాత్రాన తలుపులు తెరుచుకోలేదు. పద్యాన్ని మెచ్చినవాళ్లు సైతం కులం దగ్గరికొచ్చేసరికి ముఖం తిప్పుకున్నారు. ఇటు చూస్తే, క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాల మీద రాస్తాడేమిటని చర్చి పెద్దలు వెలి వేశారు. గుడి రానివ్వదు. చర్చి ఉండనివ్వదు. మధ్యలో మిగిలింది పుస్తకం ఒక్కటే. దానితో ఏం చేయాలో జాషువాకి తెలుసు.

* * *

వినుకొండ నుంచి శ్రీశైలం దారి పడమటికి పోతుంది. ఆ దారిలో త్రిపురాంతకం. శ్రీశైలానికి తూర్పు ద్వారం. కుమారగిరి మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలాత్రిపురసుందరి. శివరాత్రి వస్తే నల్లమల దారులన్నీ భక్తులే. గుడి రాళ్ల నిండా కాకతీయుల కాలపు శాసనాలు. ఆ దేవుడి పేరే పెట్టుకున్న రావిపాటి త్రిపురాంతకుడు ఆ దేవుడి మీదే ఉదాహరణ కావ్యం చెప్పాడు. ‘క్రీడాభిరామం’ వల్లభరాయుడి ఇంటిపేరు వినుకొండ. ఇంకాస్త నైరుతికి పోతే మార్కాపురం. దేశంలోని పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలు పుట్టిన నేల. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, గుండ్లకమ్మ ఈ సీమంతా తిరిగి సముద్రానికి పోతుంది.

రాయికి అక్షరం వచ్చిన సీమ ఇది. కానీ ఆ రాళ్ల గడప దాటి లోపలికి పోయే హక్కు అందరికీ లేదు. అప్పట్లో త్రిపురాంతకం కర్నూలు జిల్లాలో ఉంది, వినుకొండ గుంటూరు జిల్లాలో. జిల్లాలు వేరైనా గడప ఒక్కటే. లింగమ్మ కొడుకు ఎన్ని కావ్యాలు చదివినా శివుడి ముందు నిలబడి ఒక్క మాట చెప్పుకోలేడు.

తను వెళ్లలేడు. అయితే ఎవర్ని పంపాలి?

గుంటూరులో 1941. జాషువాకి నలభై అయిదు దాటాయి. హనుమచ్ఛాస్త్రి దగ్గర విన్న పాఠం ఇన్నేళ్లకి బయటికొచ్చింది. కానీ ఎలా వచ్చింది? యక్షుడు లేడు. అతని స్థానంలో ఒక దళితుడు, అరుంధతీ సుతుడు. అతనికి శాపం పెట్టింది కుబేరుడు కాదు, ఊరు. ఆ శాపం ఏడాదితో తీరేది కాదు, తరతరాలది. రామగిరి లేదు, గుడిసె ఉంది. విరహం లేదు, ఆకలి ఉంది. మరి మేఘం?

మేఘం అక్కరకు రాదు. అది ఆకాశంలో పోతుంది, గర్భగుడిలోకి దూరదు. కబురు చేరాల్సింది గర్భగుడిలోకే. రాత్రి ఆ పేదవాడి గుడిసెలోకి ఒక పిట్ట వచ్చింది. చూస్తే అపశకునమని జనం ఇల్లు కడుక్కునే పిట్ట. తలకిందులుగా వేలాడే పిట్ట. ఏ మనిషీ చేరదీయని ఆ జీవి మాత్రం ఎవరినీ అడక్కుండా గుడిలోకి ఎగిరిపోతుంది, శివుడి తల దగ్గరే చూరు పట్టుకుని వేలాడుతుంది, పూజారి అటు తిరిగితే చాలు, దేవుడి చెవిలో ఏం చెప్పినా అడిగే నాథుడు లేడు.

గబ్బిలం!

కాళిదాసు మబ్బుకి దారి చెప్పినట్టే జాషువా గబ్బిలానికి దారి చెప్పాడు. దారిలో ఊళ్లు చూపించాడు, చరిత్ర చూపించాడు. దేశం అందం చెబుతూనే ఆ అందంలో తనకి చోటెక్కడని నిలదీశాడు. గురువు చెప్పిన పాఠాన్ని శిష్యుడు తిరిగి అప్పజెప్పలేదు. దాని ఎముకల గూడు తీసుకుని తన రక్తమాంసాలు నింపాడు. కావ్యం అచ్చయింది. పండితులు పుటలు తిప్పారు. లక్షణం ప్రకారం తప్పు పట్టాలంటే కాళిదాసుని తప్పు పట్టాలి. నోరు పెగల్లేదు.

ఆ కావ్యం వచ్చిన ఆరేళ్లకి, 1947లో, మద్రాసు రాష్ట్రం ఆలయ ప్రవేశ చట్టం చేసింది. గబ్బిలం దొంగచాటుగా మోసిన కబురు చట్టసభ గుమ్మం దాకా వచ్చింది. మరి పండితలోకం గుమ్మం?

* * *

చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి. తిరుపతి వేంకట కవుల జంటలో రెండోవారు. ఒకప్పుడు కొప్పరపు సోదరులతో ఢీ అంటే ఢీ అని పద్యయుద్ధం చేసిన దిట్ట. తెలుగునాట పద్యం రాసే సగంమందికి ప్రత్యక్షంగానో పరోక్షంగానో గురువు. ముదిమి మీదపడింది. సభ నిండా ఆయన శిష్యులే. అందరి ముందూ ఆ పెద్దాయన లేచారు. జాషువా వైపు నడిచారు. వంగారు.

జాషువా పాదం కడిగారు. గండపెండేరం తొడిగారు.

శ్రోత్రియ బ్రాహ్మణుడు, కవిగురువు, తన చేత్తో లింగమ్మ కొడుకు కాలు కడిగాడు. దానివల్ల తన జన్మ ధన్యమైందన్నాడు. తర్వాత జాషువాకి చాలా వచ్చాయి. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కి సాహిత్య అకాడమీ బహుమతి. అదే ఏడాది శాసనమండలి సభ్యత్వం. 1970లో పద్మభూషణ్, కళాప్రపూర్ణ. అన్నిటికన్నా గొప్ప సన్మానం ఏదంటే ఆయన చెళ్లపిళ్ల తొడిగిన గండపెండేరాన్నే చెప్పుకున్నారు. గురువులెవరని అడిగితే మాత్రం జవాబు వేరు. పేదరికం ఒకటి, కులమత భేదం ఒకటి. మొదటిది ఓర్పు నేర్పింది, రెండోది ఎదురు తిరగడం నేర్పింది. ఆ రెండో గురువుకి దక్షిణ ఇంకా బాకీ ఉంది.

1971 జులై 24న జాషువా గుంటూరులో కన్నుమూశారు. బాకీ కూతురు హేమలత చేతికొచ్చింది. నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు లవణాన్ని కులం, మతం పట్టించుకోకుండా పెళ్లాడిన మనిషి ఆవిడ. భర్తతో కలిసి స్టూవర్టుపురం వెళ్లారు. పుట్టుకతోనే దొంగలని బ్రిటిషువాడు ముద్ర కొట్టిన కుటుంబాల గడపల్లో కూర్చున్నారు. నిజామాబాదు పల్లెల్లో దేవుడి పేరుతో ఊరికి వదిలేసిన జోగినుల దగ్గరికి వెళ్లారు. వాళ్లకి పెళ్లిళ్లు చేయించారు, పిల్లల్ని బళ్లో వేయించారు. తండ్రి కబురు పిట్టతో పంపాడు. కూతురు కాలినడకన మోసుకెళ్లి, చేరాల్సిన ఇంటి తలుపే తట్టింది.