రాత్రి సవారి - సముద్ర తీరము

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో కాపురమున్న మన తెలుగు కుటుంబములకు సముద్రము దూరపు చుట్టము వంటిది. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది, కృష్ణగిరి సుమారు 500 మీటర్లు. అయినను సముద్రమునకు పోవు త్రోవ మనకు క్రొత్త కాదు. నందిదుర్గము కొండలలో పుట్టిన దక్షిణ పినాకిని హోసూరు ప్రక్కగా వచ్చి, కెలవరపల్లి ఆనకట్టను, కృష్ణగిరి ఆనకట్టను దాటి, కడలూరు వద్ద కడలిలో కలియుచున్నది. ఆ నీటివలెనే తామును సైకిళ్ళమీద గుంపుగా రాత్రికి రాత్రి దిగిపోయి, తీరమున సూర్యోదయము చూడవలెనని మన పడుచువాండ్రకు ఉబలాటము కలుగుట సహజము. తలిదండ్రులు భయపడుటయు సహజమే. ఈ ఇద్దరికిని పనికివచ్చు సంగతులు చరిత్రలో కొన్ని ఉన్నవి.

1891లో ఫ్రాన్సు దేశమున పారిస్ నుండి సముద్రపు ఒడ్డుననున్న బ్రెస్ట్ పట్టణమునకు పోయి తిరిగివచ్చు సైకిల్ పందెము జరిగినది. దూరము సుమారు 1200 కిలోమీటర్లు. షార్ల్ టెరాన్ అను నతడు మూడు రాత్రులు నిద్ర మాని, సుమారు 71 గంటలలో తిరిగివచ్చి గెలిచినాడు. గాలి నింపిన టైర్లు అప్పటికి క్రొత్తవి. వాని గొప్ప ఆ పందెముతో లోకమునకు తెలిసినది.

అయితే పందెము ఒకని గెలుపు కొరకు. గుంపు ప్రయాణపు నీతి వేరు. 1897లో ఇటలీ సైకిలిస్టులు కొందరు రోము నుండి సముద్రతీరమందలి నేపిల్స్ వరకు, సుమారు 230 కిలోమీటర్లు, ఒక్క పగటిలో పోయినారు. వారికి 'ఆడాక్స్' అను పేరు వచ్చినది. లాటిన్ భాషలో దానికి సాహసి అని అర్థము. 1904లో ఆ పద్ధతి ఫ్రాన్సుకు వచ్చినది. గంటకు 22.5 కిలోమీటర్ల సగటు వేగమున నాయకుడు ముందు నడుచును, అతనిని ఎవరును దాటరాదు. బలవంతుడు తన బలము చూపుటకు అందులో చోటు లేదు. తరువాత, 1921 నుండి, ఎవరి వేగమున వారు పోయి గడువులోగా చేరు మరియొక పద్ధతియు ఏర్పడినది. 200 కిలోమీటర్లకు గడువు పదమూడున్నర గంటలు. ఈ రెండవ పద్ధతి సవారీలు ఇప్పుడు మన దేశములోను జరుగుచున్నవి.

రాత్రి సవారికి ముఖ్యముగా చెప్పదగినది ఇంగ్లండులోని డన్విచ్ ప్రయాణము. 1990ల తొలి సంవత్సరములలో మొదలై, జూలై నెలలో పున్నమికి దగ్గరి శనివారము రాత్రి, లండన్ నుండి డన్విచ్ తీరమునకు సుమారు 180 కిలోమీటర్లు సాగును. అది పందెము కాదు, బహుమానము లేదు. డన్విచ్ ఒకప్పుడు పెద్ద రేవు పట్టణము. 1286 మొదలు వచ్చిన తుపానులు రేవును పూడ్చినవి, ఒడ్డును కోసినవి. మిగిలిన పాత చర్చి కూడ 1904, 1919 సంవత్సరముల నడుమ కొంచెము కొంచెముగా సముద్రములో పడిపోయినది. ఊరు పోయినను, దాని పేరున జనము రాత్రంతయు తొక్కుకొని వచ్చుచున్నారు.

ఇది చదివినప్పుడు మనకు కోరంగి జ్ఞప్తికి రాక మానదు. గోదావరి ముఖమున, కాకినాడ దగ్గరనున్న ఆ రేవును 1839 నవంబరు తుపాను నాశము చేసినది. అయినను ఆ తీరమునుండి బర్మాకు పొట్టకూటికై పోయిన తెలుగువారిని అచ్చట 'కోరంగీలు' అనియే పిలిచిరి. రేవు మునిగినది గాని పేరు వలసపోయిన వారితో బ్రతికినది. పరాయిచోట బ్రతుకు మనబోటి వారికి ఇది చిన్న సంగతి కాదు.

ఇక మన త్రోవ మాట. తిరుపత్తూరు నుండి కృష్ణగిరికి 1905లో చిన్నబండి దారి వేసినారు. మొరప్పూరు, ధర్మపురి మీదుగా మరియొకటి 1913 నాటికి హోసూరు చేరినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆ రెంటి పట్టాలును పీకివేసినారు. హోసూరుకు తరువాత వేరు దారిన రైలు వచ్చినది గాని, కృష్ణగిరి పట్టణమునకు మరల రాలేదు. కనుక రోడ్డే దిక్కు. కృష్ణగిరి నుండి తిరువణ్ణామలై, చెంజి, తిండివనము మీదుగా పుదుచ్చేరి సుమారు 200 కిలోమీటర్లు. సాయంకాలము ఆరింటికి బయలుదేరి, ఆగుటలతో కలిపి గంటకు పదునేడు కిలోమీటర్లు సాగినచో తెల్లవారుసరికి చేరవచ్చును. హోసూరు, శూలగిరి, కృష్ణగిరి నడుమ రహదారిపై లారీల రద్దీ ఎక్కువ. ఆ యాభై కిలోమీటర్లు పగలే ముగించుట మేలు.

రైలులో చివరి పెట్టె వెనుక రాత్రివేళ ఎర్రదీపముండును. అది కనబడిన తరువాతనే బండి మొత్తము వచ్చినదని స్టేషనువారు నమ్ముదురు. లేనిచో వెనుకబండికి దారి ఈయరు. సైకిళ్ళ గుంపునకును ఇదే నియమము కావలెను. నిదానస్థుడు, అనుభవశాలి యగు ఒకడు ఎర్రదీపముతో అందరి వెనుక ఉండవలెను. పంక్చరైన వానిని, అలసిన వానిని దాటి అతడు ముందుకు పోరాదు. ప్రతి ఊరి మొదట ముందువారు ఆగి ఆ దీపము కొరకు చూడవలెను. ఈ మాట ఇచ్చిన పిల్లలను పంపుటకు పెద్దలు వెనుకాడ నక్కరలేదు. ఇంటివద్ద మేలుకొని యుండు తల్లికి, తన బిడ్డ వెనుక ఒక దీపమున్నదన్న ధైర్యము చాలును.