చంద్రుడి నీలం
గురుగ్రహ వాతావరణంలోకి దిగవలసిన పరికరాన్ని గెలీలియో నౌకకు సమకూర్చే బాధ్యత సన్నీవేల్ పొరుగునే ఉన్న నాసా ఏమ్స్ పరిశోధనా కేంద్రానిది. 1992 డిసెంబరులో ఆ నౌక భూమి పక్కగా సాగిపోతూ చంద్రుణ్ణి ఫొటోలు తీసింది. వాటిని కూర్చిన చిత్రంలో ప్రశాంతి సాగరం ముదురు నీలంగా, మెట్టప్రాంతాలు గులాబీ రంగుగా కనిపిస్తాయి.

కంటికి ఆ రంగులు కనబడవు. చంద్రుడి నేల తనపై పడే వెలుగులో దాదాపు 12 శాతాన్నే తిప్పి పంపుతుంది. పాతబడిన తారురోడ్డులాంటి బూడిదరంగు అది. వెన్నెల తెలుపు చాలావరకు చుట్టూ ఉన్న చీకటి చలవే (కవులు మన్నించాలి).

అలాగని ఆ నీలం కల్పనా కాదు. మూడు ఫిల్టర్లతో తీసిన చిత్రాల మధ్య ఉన్న స్వల్పభేదాలను పెంచి చూపినప్పుడు, టైటానియం ఎక్కువగా ఉన్న లావా నీలంగా తేలింది. 1969లో అపోలో 11 ఆ సాగరం నుంచి తెచ్చిన నల్లరాళ్ళలోనూ టైటానియం సమృద్ధిగా ఉంది.