సిఫారసు జాబితాలో చేరని పుస్తకాలు: న్యూయార్క్ గ్రంథాలయ బాలల విభాగం (1906–1965)

బాలసాహిత్య చరిత్రను రచయితల వరుసలోనో, పత్రికల వరుసలోనో చెప్పడం పరిపాటి. రాసినవారికీ చదివే పిల్లలకూ నడుమ నిలిచి, కొత్తగా వచ్చిన పుస్తకాలలో ఏది ఇవ్వదగినదో, ఏది కాదో తేల్చినవారి ప్రస్తావన ఆ చరిత్రలో అరుదు. పిల్లలు తమ పుస్తకాలను తాము కొనుక్కోరు. అందువల్ల పెద్దల సాహిత్యంలో విమర్శకుడికి ఏనాడూ దక్కని అధికారం బాలల పుస్తకాలను సిఫారసు చేసేవారికి దక్కింది. ఆ అధికారం ఎంతవరకు సాగిందో, దానికి ఎదురు ఎక్కడినుంచి వచ్చిందో పరిశీలించడానికి 20వ శతాబ్ది పూర్వార్ధంలోని న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ అనువైన ఉదాహరణ.

ఈ పనికి అంతకుముందే ఒక పరంపర ఉంది. లండన్‌లో సారా ట్రిమ్మర్ 1802 నుంచి 1806 వరకు నడిపిన 'గార్డియన్ ఆఫ్ ఎడ్యుకేషన్' పిల్లల పుస్తకాలను క్రమంగా సమీక్షించిన తొలి పత్రికగా గుర్తింపు పొందింది. అద్భుత కథలు పిల్లల మనసుకు హాని చేస్తాయని ఆమె నమ్మకం. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ గ్రంథపాలకురాలు కేరొలిన్ హ్యూయిన్స్ 1882లో తల్లిదండ్రుల కోసం ఎంపిక చేసిన పుస్తకాల పట్టికను వెలువరించింది. అయితే ఇవి వ్యక్తుల సలహాలు. సలహాను కొనుగోలుతో ముడివేసి వ్యవస్థగా మార్చిన ఘనత ఆన్ కారల్ మూర్‌ది.

మూర్ (1871–1961) 1906లో న్యూయార్క్ లైబ్రరీ బాలల సేవల బాధ్యత స్వీకరించి 1941 వరకు ఆ పదవిలో కొనసాగింది. ఆ కాలానికి చాలా గ్రంథాలయాలలో చిన్నపిల్లలకు ప్రవేశమే లేదు. ఆమె పుస్తకాలను పిల్లల చేతికి అందే బీరువాలలో ఉంచింది. పుస్తకాన్ని జాగ్రత్తగా చూసుకుంటానన్న ప్రతిజ్ఞ కింద సంతకం చేసిన ప్రతి బిడ్డకూ ఇంటికి తీసుకువెళ్లే హక్కు ఇచ్చింది. 1918 నుంచి 'బుక్‌మన్' పత్రికలోనూ, 1924 నుంచి 'న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్'లోనూ ఆమె రాసిన సమీక్షలు, ఏటా పండుగలకు ముందు గ్రంథాలయం వెలువరించిన జాబితాలు ఇతర నగరాల కొనుగోళ్లను కూడా ప్రభావితం చేశాయి. 1919లో మాక్‌మిలన్ సంస్థ ప్రత్యేకంగా బాలల పుస్తక విభాగాన్ని నెలకొల్పింది. క్రమంగా ప్రచురణకర్తలు ఆమె అభిప్రాయం తెలియనిదే ముందడుగు వేయని స్థితి వచ్చింది. నచ్చని పుస్తకాలపై వేయడానికి, కొనుగోలుకు నిపుణురాలి సిఫారసు లేదని తెలిపే ముద్ర ఒకటి ఆమె బల్లపై ఉండేదని ప్రసిద్ధి.

మూర్ అభిరుచి ట్రిమ్మర్‌కు సరిగ్గా వ్యతిరేకం. ఆమెకు అద్భుత కథ, జానపద కథ, ఊహాలోకం ప్రాణం. ఇదే నగరంలో లూసీ స్ప్రేగ్ మిచెల్ 1921లో 'హియర్ అండ్ నౌ స్టోరీ బుక్' ప్రచురించి, పసిపిల్లలకు కావలసింది రాజకుమారులు కాదు, వారు రోజూ చూసే వీధి, గది, బండి, శబ్దాలు అని వాదించింది. ఆమె శిష్యురాలు మార్గరెట్ వైజ్ బ్రౌన్ 1947లో రాసిన 'గుడ్‌నైట్ మూన్' ఆ వాదానికి ఫలం. మూర్ అప్పటికి పదవీ విరమణ చేసినా ఆమె కొలమానాలు విభాగంలో నిలిచే ఉన్నాయి. గ్రంథాలయం ఆ పుస్తకాన్ని కొనలేదు. 1972 వరకు అది అక్కడి బీరువాలకెక్కలేదు. ఈ పాతికేళ్ల విరామాన్ని ఒక వ్యక్తి మొండితనంగా చూడటం తేలిక. నిజానికి అది బాల్యం గురించిన రెండు సిద్ధాంతాల మధ్య వివాదం. అందులో ఒక పక్షం చేతిలో కొనుగోలు నిధి ఉంది, మరో పక్షం చేతిలో లేదు.

'స్టూవర్ట్ లిటిల్' కథ మరింత విచిత్రం. ఇ.బి. వైట్‌ను పిల్లల కోసం రాయమని ప్రోత్సహించినది మూరే. 1945లో అచ్చుప్రతి చూశాక, దాన్ని ప్రచురించవద్దని వైట్ భార్య కేథరిన్‌కు పద్నాలుగు పుటల లేఖ రాసింది. హార్పర్ సంస్థ సంపాదకురాలు అర్సులా నార్డ్‌స్ట్రామ్ వెనుకాడలేదు, పుస్తకం వెలువడింది. గ్రంథాలయం మొదట సంకోచించినా చివరకు దాన్ని తీసుకోక తప్పలేదు. జాబితా అధికారానికి పాఠకులే హద్దు గీసిన సందర్భమిది.

కౌమార పాఠకుల విషయంలో అదే గ్రంథాలయం కొంత ఉదారంగా నడిచింది. మేబెల్ విలియమ్స్ నాయకత్వంలో 1929 నుంచి వారికి ప్రత్యేక వార్షిక జాబితా మొదలైంది. 1940లలో మార్గరెట్ స్కాగిన్ మరో అడుగు వేసి, ఆ వయసువారిచేతనే కొత్త పుస్తకాలను రేడియోలో సమీక్షింపజేసింది.

అసలు మార్పు మాత్రం హార్లెమ్ నుంచి వచ్చింది. 1937లో 135వ వీధి శాఖలో చేరిన అగస్టా బేకర్, తన శాఖకు వచ్చే నల్లజాతి పిల్లలు బీరువాలోని పుస్తకాలలో తమవంటివారిని సేవకులుగానో, హాస్యగాళ్లుగానో మాత్రమే చూస్తున్నారని గుర్తించింది. (అమెరికాలో చాలాకాలం సిఫారసు జాబితాలలో వెలిగిన 'లిటిల్ బ్లాక్ శాంబో' దక్షిణ భారతంతో ముడిపడినది కావడం విశేషం: మద్రాసు రాజధానిలో నివసించిన హెలెన్ బానర్‌మన్ తన కూతుళ్ల కోసం రాసిన ఆ కథ 1899లో లండన్‌లో అచ్చయింది. అందులో పులులు కరిగి నెయ్యి అవుతాయి. అమెరికా ముద్రణలలో ఆ బాలుడు నల్లజాతివారి వికృత వ్యంగ్యచిత్రంగా మారాడు.) బేకర్ భాష, ఇతివృత్తం, చిత్రాలు అనే మూడు అంశాలలో పుస్తకాలను పరీక్షించి ఒక ప్రత్యేక సేకరణను నిర్మించింది. 1946లో నల్లజాతి జీవితాన్ని చిత్రించే పుస్తకాల జాబితాను ప్రచురించి, తరువాత పలుమార్లు సవరించింది. ఆ జాబితా చిన్నదిగా ఉండటమే ప్రచురణకర్తలకు చేసిన ఫిర్యాదు. 1961లో ఆమె గ్రంథాలయం మొత్తానికి బాలల సేవల సమన్వయకర్త అయింది. అంటే ఒకప్పటి మూర్ బాధ్యత ఆమె చేతికి వచ్చింది.

బేకర్ గమనించినదానికి అంకెలు 1965లో దొరికాయి. నాన్సీ లారిక్ 'సాటర్‌డే రివ్యూ'లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, 1962–64 మధ్య 63 మంది ప్రచురణకర్తలు తెచ్చిన 5,206 బాలల పుస్తకాలలో ఒక్క నల్లజాతి వ్యక్తి అయినా కనిపించేవి 349, అంటే 6.7 శాతం. నల్లజాతి బాలుడు నాయకుడైన ఎజ్రా జాక్ కీట్స్ 'ద స్నోయీ డే' 1962లో వచ్చి మరుసటి ఏడాది కాల్డెకాట్ పతకం పొందింది. 2020లో న్యూయార్క్ లైబ్రరీ తన 125 ఏళ్ల చరిత్రలో పాఠకులు అత్యధికంగా తీసుకువెళ్లిన పుస్తకాలను లెక్కించినప్పుడు మొదటి స్థానం దానిదే: 4,85,583 సార్లు. 'గుడ్‌నైట్ మూన్' తొలి పదిలో లేదు. 1972 దాకా అది తమవద్ద లేకపోవడమే కారణమని గ్రంథాలయమే ప్రకటనలో ఒప్పుకుంది.

తెలుగులో ఇటువంటి ఏకకేంద్రం ఏర్పడలేదు. 1945లో 'బాల', 1947లో 'చందమామ' మొదలయ్యాక పిల్లల చదువరితనం ప్రధానంగా పత్రిక చుట్టూ అల్లుకున్నది. ఎంపిక చేసేవాడు గ్రంథపాలకుడు కాదు, సంపాదకుడు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం తరువాత జిల్లా గ్రంథాలయ సంస్థల కొనుగోళ్లు, 2010 నుంచి సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం సిఫారసుకు అధికారిక రూపాలయ్యాయి. పురస్కారం పొందిన పుస్తకాలపై వ్యాసం రాయడం సులభం. కొనుగోలు పట్టీలను ముందు పెట్టుకుని లారిక్ చేసిన వంటి లెక్క చేయాలంటే శ్రమ ఎక్కువ: ప్రతి పుస్తకానికీ ఎదురుగా కథలోని పిల్లవాడి ఊరు, కులం, మాట్లాడే మాండలికం, బొమ్మలో అతని రూపం నమోదు చేయాలి. గోండు, కోయ, దళిత పిల్లలు నాయకులైన పుస్తకాలు ఆ పట్టీలలో ఎన్ని, ఏ దశాబ్దం నుంచి కనిపిస్తాయన్నది అలా లెక్కించినప్పుడే తేలుతుంది.